సాంచాలు ఆపిన వీధి

మా కోచింగ్ సెంటర్లో సైకాలజీ క్లాసు ఎప్పుడూ మధ్యాహ్నం భోజనాల తరువాతే. పొద్దుటి తాజా బుర్రలన్నీ ఫిజిక్సుకీ కెమిస్ట్రీకీ రాసిచ్చేసేవారు. పిల్లలు డబ్బాల్లో తెచ్చుకున్న థేప్లాలూ పులిహోరా తిని, కళ్లు మూతలు పడుతుండగా నా దగ్గరికి వచ్చేవారు. ధ్యాస అనే పాఠాన్ని ధ్యాస లేనివాళ్లకు చెప్పడం ఎంత చిరాకో, కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్న మీకు ముందే చెప్పి పెడుతున్నాను. నేను ఏళ్ల తరబడి చెప్పాను. రిటైరయ్యేదాకా నాకు అలవాటు కాలేదు.

మా ఆయనకు హజీరాలో ఉద్యోగం కావడంతో వరంగల్ వదిలి సూరత్ వచ్చాం. కొన్నాళ్లు బళ్లలో చెప్పి, చివరి ఏళ్లలో అడాజన్‌లోని ఈ సెంటర్లో చేరాను. మన దగ్గర మెడికల్ సీటు అందని పిల్లల్లో కొందరు ఫిలిప్పీన్స్ వెళ్లి చదువుకుంటారు. అక్కడి కాలేజీల ప్రవేశ పరీక్షలో బయాలజీ, కెమిస్ట్రీలతో పాటు సైకాలజీ కూడా ఉంటుంది. ఆ కాసిన్ని మార్కుల కోసం నన్ను పెట్టుకున్నారు. ఆ సంగతి తల్లిదండ్రులకు చెబితే, "దానికి కోచింగ్ దేనికండీ, చదివితే వచ్చేస్తుంది కదా" అనేవారు. చదివితే రాని సబ్జెక్టు ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.

సెంటర్ యజమాని గుజరాతీ ఆయన. ఒకప్పుడు లెక్కలు బాగా చెప్పేవాడట. నేను చేరేసరికి బోర్డు ముందు నిలబడటం మానేసి బ్యానర్లు వేయించే పనిలో పడ్డాడు. నా సబ్జెక్టుకు ఆయనే స్వయంగా చిన్న చిన్న కార్డులు అచ్చువేయించాడు. ప్రశ్నలో గంట కనిపిస్తే ఒక జవాబు, గుంపు కనిపిస్తే ఇంకో జవాబు. అర్థం చేసుకోవడమనే దుర్గుణం పిల్లలకు అంటకుండా ఆయన తీసుకున్న జాగ్రత్త అది.

నేను వాటిని సొరుగులో పడేసి, ఏ పాఠం చెప్పినా ఇంట్లోంచి ఒక ఉదాహరణ తెమ్మనేదాన్ని. దానితో వేరే తలనొప్పి మొదలైంది. జబ్బుల పాఠం చెబితే మర్నాటికల్లా ఇంటిల్లిపాదికీ ఆ జబ్బు అంటగట్టేవారు. పట్టించుకోకపోతే అలవాట్లు వాటంతటవే పోతాయని చెప్పిన పాపానికి, ఒకడు వాళ్ల నాయనమ్మ సణుగుడు మాన్పిస్తానని ఆవిడతో మాట్లాడటమే మానేశాడు. ఆవిడ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, వీడికి ఈ విద్య నేర్పిన టీచరమ్మ ఎవరని అడిగింది. బయాలజీ మాస్టారు నవ్వు ఆపుకుంటూ నన్ను చూపించారు.

ఈ బయాలజీ మాస్టారు గుంటూరు వైపు మనిషి. మంచివాడే గాని, సబ్జెక్టు అంటే తనదొక్కటే అని నమ్మిన రకం. స్టాఫ్ రూంలో మేమిద్దరమే తెలుగువాళ్లం కాబట్టి దెబ్బలాడుకోవడానికి భాష ఇబ్బంది ఉండేది కాదు.

ఆ ఏడాది మా బ్యాచ్‌లో, సూరత్‌లోనే ఉన్న గోడాదరా నుంచి ఒక తెలుగు అమ్మాయి చేరింది. వాళ్ల నాన్న పడుచు వయసులో సిరిసిల్ల వైపు నుంచి వచ్చి పవర్‌లూముల మీద పనిచేసి, నెమ్మదిగా కొన్ని మగ్గాలు సొంతంగా పెట్టుకున్నాడు. ఆ మరమగ్గాలనే వాళ్లు సాంచాలంటారు. కింద సాంచాలు, పైన ఇల్లు. ఆ వీధిలో దాదాపు అందరిదీ అదే కాపురం. ఫిలిప్పీన్స్ కాలేజీలో ఆ అమ్మాయికి సీటు ఇస్తామన్నారు, కాని ప్రవేశ పరీక్షలో వాళ్లడిగిన స్కోరు రావాలి. మొదటిసారి రాసినప్పుడు కొద్దిలో తప్పింది. ఈసారీ తప్పితే సీటు ఇంకొకరికి పోతుంది, మరో ఏడాది ఆగే స్తోమత తండ్రికి లేదు. డాక్టరవడమా, పైన ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అతికించడమా అన్నది ఆ ఒక్క పరీక్ష మీద ఉంది.

క్లాసులో అడిగితే ఆ పిల్ల చెప్పని జవాబు లేదు. మోడల్ పరీక్ష పెడితే మాత్రం నా సబ్జెక్టులో బోర్లా పడేది. బయాలజీలో ప్రశ్నలు పొట్టివి, తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. సైకాలజీలో ప్రతి ప్రశ్నా ఒక చిన్న కథ. చదువుతూ మధ్యలో ధ్యాస తప్పితే మళ్లీ మొదటికి రావాలి. ఈ పిల్ల సగం ప్రశ్నలు ముట్టుకోకుండానే గంట కొట్టేవారు.

"బంగారం లాంటి పిల్లండీ, మీ సబ్జెక్టు వల్ల పాడైపోతోంది" అనేవారు మాస్టారు, టీ చప్పరిస్తూ.

"మీ కప్ప ఒకచోట కదలకుండా పడుంటుంది మాస్టారూ. మేం చెప్పేది మనిషి గురించి" అనేదాన్ని. అన్నానే గాని లోపల నాకూ మంటగానే ఉండేది.

పరీక్షకు కొన్ని వారాల ముందు తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. యజమాని లేచి, పిల్లల ఏకాగ్రత గురించి ఉపన్యాసం దంచాడు. "ఘర్ మే పిన్ డ్రాప్ సైలెన్స్ చాహియే. టీవీ బంద్, మెహమాన్ బంద్, సబ్ బంద్" అన్నాడు, చుట్టాలు కూడా రాకూడదని. పక్కన కూర్చుని నేను కూడా తలాడించాను. ముందు వరుసలో గోడాదరా అమ్మాయి తండ్రి కూర్చున్నాడు, తెల్ల చొక్కా, చేతులు కట్టుకుని. గుళ్లో పూజారి మాట విన్నట్టు విన్నాడు ఆ మాటను. అడాజన్ ఫ్లాట్లలో టీవీ కట్టేస్తే సరిపోతుంది. సాంచాల మీద కాపురం ఉన్న మనిషికి ఆ మాట ఎలా వినపడుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ తరువాత పెట్టిన మోడల్ పరీక్షల్లో ఆ అమ్మాయి మార్కులు ఇంకా దిగాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. పిలిచి కూర్చోబెట్టి కేకలేశాను.

"ఇంట్లో చదువుతున్నావా, ఫోన్ చూస్తున్నావా?"

"చదువుతున్న మేడమ్. ఎక్కుతలేదు."

"ఇప్పుడు ఇంట్లో చప్పుడు కూడా లేదట కదా. మీ నాన్న సార్‌తో చెప్పాడట."

"అదే మేడమ్" అంది, తల వంచుకుని.

ఆ 'అదే' దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు, ఇంకో పది మాటలు ఎక్కువ తిట్టి పంపేశాను. మనిషి మనసు గురించి పాఠాలు చెప్పేదాన్ని, ఎదుట మనిషి నోరు తెరిచినప్పుడు వినే తీరిక నాకు లేకపోయింది.

ఆ మరుసటి వారం ఏసీ హాల్లో మోడల్ పరీక్ష జరుగుతోంది. సరిగ్గా మా కింది అంతస్తులో కొత్త దుకాణం కోసం టైల్స్ కోయడం మొదలుపెట్టారు. ఆ మిషన్ రొద చెవుల్లో దూరి పళ్లు జివ్వుమనిపించింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఒకమ్మాయి ఏడ్చినంత పని చేసింది. యజమాని కిందికి పరుగెత్తి, గుజరాతీలో ఉన్న తిట్లన్నీ వాడేసి, వాళ్లు ఆపకపోతే చెమటలు కక్కుతూ పైకొచ్చాడు. ఆ గోలలో గోడాదరా పిల్ల ఒక్కసారి కూడా తలెత్తలేదు. కాగితం మీదికి వంగి, ఎడమ కాలి మడమ నేల మీద ఆడిస్తూ రాసుకుపోతోంది.

సాయంత్రానికి మార్కులొచ్చాయి. సైకాలజీలో ఆ అమ్మాయిదే మొదటి స్థానం. యజమాని మొహం చిట్లించి, "కాపీ కియా హోగా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పక్కవాళ్లందరికీ దానికంటే తక్కువ వస్తే, అది ఎవరిని చూసి కాపీ కొట్టిందో చెప్పమన్నాను. ఆయన దగ్గర దానికి కార్డు లేదు.

అమ్మాయిని స్టాఫ్ రూంలోకి పిలిచాను. మాస్టారు కూడా ఉన్నారు.

"ఇవాళ ఏమైందమ్మా, నిజం చెప్పు."

మాస్టారి వైపు ఒకసారి చూసి అంది: "సప్పుడుల మంచిగ అనిపించింది మేడమ్. ఇంట్ల ఉన్నట్టే ఉండె."

"మరి నిశ్శబ్దంగా ఉంటే?"

"సాంచాలు ఆగినయంటే ఏదో అయిందన్నట్టే మేడమ్. కరెంటు పోవాలె, లేకుంటే లొల్లి కావాలె, లేకుంటే ఎవలదన్న చెయ్యి మిషిన్ల పడాలె. చిన్నప్పటి సంది గంతే. సప్పుడు బందైతే అందరం కిందికి ఉరుకుతం. ఈడ టెస్టుల గిట్ల సైలెంట్ ఉంటే నా చెవులు ఆడికే పోతయి. ఏమైందో, ఏమైందో అనిపిస్తది. క్వశ్చన్ సగంల పోగు తెగినట్టు తెగుతది."



"మరి ఇంట్లో చెప్పలేదా?"

"ఎట్ల చెప్పాలె మేడమ్. నా కోసమే సాయంత్రం సాంచాలు బంద్ పెడుతుండ్రు. మా బాపు అందరి ఇండ్లకు తిరిగి బతిమాలిండు. మాది ఒక్కటి కాదు, గల్లీ మొత్తం బందే."

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది నా పని. గంట మోగితే కుక్కకు నోరూరుతుందని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. గంట ఆగిపోతే గుండె ఝల్లుమనే పిల్ల నా ముందు బెంచీలోనే కూర్చుంటే, దానికి ఏకాగ్రత లేదని తీర్పిచ్చాను. నా మీద, యజమాని మీద, ఆ తండ్రి మీద, ఇన్నాళ్లూ నోరు విప్పని ఆ పిల్ల మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. బ్యాగు తీసుకుని, "పద, మీ ఇంటికి" అన్నాను.

గోడాదరా చేరేసరికి చీకటి పడుతోంది. మిగతా వీధులన్నీ టకటకా మోగుతుంటే వాళ్ల గల్లీ ఒక్కటీ మూగగా ఉంది. కారీగర్లు అరుగుల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. మీటర్ల లెక్కన కూలి తీసుకునేవాళ్లు, మిషన్ ఆగితే వాళ్ల కూలీ ఆగుతుంది. నూలు కండెలు చుట్టే ముసలమ్మ ఒకామె నన్ను చూసి, నేనెవరో అమ్మాయి చెప్పగానే లేచి వచ్చింది.

"నువ్వేనా మేడమ్‌వి? మంచిగ చెప్పినవ్ బిడ్డా. పిల్ల డాక్టర్ అయ్యేవరకు మా కడుపులు మాడుతయి. అయినంక మందులన్న ముఫత్‌ల ఇస్తదా?"

"నేను చెప్పలేదవ్వా" అన్నాను. అవ్వ నమ్మలేదు.

తండ్రి ఎదురొచ్చి నమస్కారం పెట్టి, మొహం వెలిగిపోతుండగా వీధి అంతా చేత్తో చూపించాడు. "వినుండ్రి మేడమ్, ఎంత సైలెంట్ ఉన్నదో. మీ సార్ చెప్పినట్టే చేసినం."

"వెంటనే నడపండి."

"ఏంది మేడమ్?"

"సాంచాలు నడపండి. ఈ నిశ్శబ్దమే మీ అమ్మాయిని ముంచుతోంది."

ఆయనకు నేను ఎగతాళి చేస్తున్నట్టు అనిపించింది. "గట్లెట్ల మేడమ్. పిల్ల సదువుతాంటే సాంచాలు నడుపుతరా ఎవరన్న? పెద్ద సార్ ఒకటి చెప్తడు, మీరొకటి చెప్తరు. మేం సదువుకోనోళ్లం, ఎవరి మాట వినాలె?" మాట మర్యాదగానే ఉంది, కాని గొంతు కాస్త లేచింది. కూతురి కోసం వీధి వీధంతా కాళ్లు పట్టుకున్న మనిషి. అది దండగ పని అని ఒక టీచరమ్మ వచ్చి చెబితే ఎవరు ఒప్పుకుంటారు?

వాదనతో అయ్యే పని కాదని అర్థమైంది. బ్యాగులోంచి రెండు ప్రశ్న కాగితాలు తీశాను. అమ్మాయిని సాంచాల షెడ్డులోనే మెట్టు మీద కూర్చోబెట్టి ఒకటి ఇచ్చాను. జవాబుల కాగితం తండ్రి చేతిలో పెట్టాను. ఆయన అంకెలు చదవగలడు. ఒకటో జవాబైతే ఒక వేలు, రెండోదైతే రెండు వేళ్లు, అలా చూపించమని అమ్మాయికి చెప్పాను.

ముందు నిశ్శబ్దంలో. అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. బయట ఎవరో దగ్గితే తలెత్తింది. పై ఇంట్లో గిన్నె చప్పుడైతే తలెత్తింది. వేళ్లు లేచినవి తక్కువ, సరిగ్గా లేచినవి ఇంకా తక్కువ. తండ్రి కాగితం వైపు, కూతురి వైపు చూస్తూ నుదురు తుడుచుకున్నాడు.

అప్పుడు నేను స్విచ్చుల వైపు చూపించాను. ఆయన ఒకసారి కూతురి వైపు చూశాడు. తరువాత వెళ్లి ఒక్కొక్కటే వేశాడు. షెడ్డు అదిరిపోయింది. నా పక్క మనిషి మాట నాకు వినపడలేదు. సాంచాల దగ్గర వాళ్లు సైగలతోనే మాట్లాడుకుంటారని ఆ రోజే చూశాను. ఒక కారీగర్ లోపలికొచ్చి రెండు చూపుడు వేళ్ల కొనలు కలిపి చటుక్కున విడదీశాడు. ఎక్కడో పోగు తెగిందని. తండ్రి తలూపి అటు చూపించాడు.

అమ్మాయికి రెండో కాగితం ఇచ్చాను. మడమ నేల మీద సాంచా తాళానికి ఆడటం మొదలైంది. ఇంక తల లేవలేదు. చెయ్యి మాత్రం లేస్తూ పోయింది, రెండు వేళ్లు, నాలుగు వేళ్లు, ఒకటి, మూడు. తండ్రి ఒక్కొక్కటీ కాగితంతో సరిచూసుకుంటున్నాడు. మొదట అనుమానంగా చూశాడు, తరువాత గబగబా చూశాడు, చివరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఊరికే కూతురి చేతినే చూస్తూ నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి సిగ్గుపడి భుజానికి రాసుకున్నాడు.

ఆయన గల్లీలోకి వెళ్లి, చెయ్యి పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. ఆ సైగ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకింది. క్షణాల్లో వీధంతా టకటకలాడింది. అవ్వ నన్ను దాటుకుంటూ తన కండెల దగ్గరికి పరుగెత్తింది. ముసలామెకు అంత పరుగు ఉందనుకోలేదు.

పరీక్ష హాల్లో సాంచా పెట్టరు కదా, అసలు కష్టం అక్కడుంది. భయాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చేసి వదిలించడం గురించి నా సబ్జెక్టులోనే ఒక పాఠం ఉంది. దాని మీద వచ్చే ప్రశ్న ఆ పిల్ల పరీక్షల్లో ఎప్పుడూ తప్పే పెట్టేది. ఆ పాఠాన్నే ఆమె మీద ప్రయోగించాం. మొదట షెడ్డులో చదివించాం. తరువాత పైన ఇంట్లో, ఆ తరువాత పక్క వీధిలో బంధువుల ఇంట్లో. అక్కడి నుంచి బీఆర్‌టీఎస్ బస్సులో అటూ ఇటూ తిరుగుతూ, తరువాత తాపీ నది ఒడ్డున బెంచీ మీద. ఆఖరికి మా ఫ్లాటులో తలుపులు, కిటికీలు బిగించి. నిశ్శబ్దం ఎక్కువైనప్పుడల్లా "ఇంటి దగ్గర సాంచాలు నడుస్తున్నాయి, అందరికీ కూలి పడుతోంది" అని మనసులో అనుకోమన్నాను. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పిల్లకు పనికొచ్చింది.

బయాలజీ మాస్టారు కూడా తన ఫ్లాటులో ఆదివారాలు పరీక్ష పెట్టి, "మీ సబ్జెక్టుకు కాస్త ఉపయోగం ఉందండోయ్ మేడమ్ గారూ" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మాట నేను ఆశించలేదు. యజమానికి జరిగింది చెబితే ఓపిగ్గా విని, "తో నోయిజ్ రూమ్ బనావీయే, మేడమ్?" అంటూ చప్పుడు గది ఒకటి కట్టించే ఆలోచన మొదలుపెట్టాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే మనిషికి నేనేం చెప్పను? లేచి వచ్చేశాను.

పరీక్ష అహ్మదాబాద్‌లో. తండ్రీ కూతుళ్లతో నేనూ వెళ్లాను. లోపలికి పంపి, మేమిద్దరం గేటు బయట నిలబడ్డాం. లోపల చీమ చిటుక్కుమంటే వినపడే హాలు అని ముందే తెలుసు. ఆయన చేతులు నలుపుకుంటూ ఉన్నాడు. నేను నా చిరాకంతా ఆ ఎండ మీద చూపించాను.

అయిపోయాక పిల్లలు గుంపుగా బయటికి వస్తున్నారు. రోడ్డు మీద హారన్లు, ఆటోలు, పేర్లు పెట్టి పిలిచే తల్లిదండ్రులు. మా అమ్మాయి దూరంగా మెట్ల మీదే ఆగి మమ్మల్ని వెతుక్కుంది. తండ్రి కనిపించగానే రెండు చూపుడు వేళ్లూ ఎత్తి కొనలు కలిపింది. కలిపి అలాగే పట్టుకుంది, విడదీయలేదు.

నేను ఆయన మొహం చూశాను. "ఏమంటోంది?"

"తెగలేదట మేడమ్" అన్నాడు. అని గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయాడు.

స్కోరు వచ్చింది, సీటు వచ్చింది. ఫలితం వచ్చిన మధ్యాహ్నానికే మా సెంటర్ ముందు బ్యానర్ లేచింది. అమ్మాయి ఫోటో, కింద పెద్ద అక్షరాలతో మా ఏసీ నిశ్శబ్ద హాలు గొప్పదనం. దాన్ని చూసి స్కూటర్ దిగకుండానే తిప్పుకుని గోడాదరా వెళ్లిపోయాను.

గల్లీ మలుపు తిరిగేసరికి మళ్లీ ఒక్క చప్పుడు లేదు. సాంచాలన్నీ ఆపేసి కారీగర్లు, ఆడవాళ్లు అందరూ వాళ్ల ఇంటి ముందు చేరారు. అమ్మాయి మధ్యలో కూర్చుని అందరికీ జిలేబీల పళ్లెం అందిస్తోంది. ఎవరో దగ్గారు, ఎక్కడో గిన్నె పడింది, ఆ పిల్ల తల తిప్పి చూడలేదు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని ఫిర్యాదు చేసింది. "చూడు బిడ్డా, మల్ల బంద్ పెట్టిండ్రు. జర నువ్వన్న చెప్పు వీళ్లకు." చెబుతూనే నా నోట్లో జిలేబీ కుక్కింది. అందుకని ఈసారి నేనేమీ అనలేదు.